ముప్పయ్యో తారీఖు

అపియా రేవులో, సుంకం ఆఫీసు వెనక,
తుప్పు పట్టిన ఇనుప గొట్టంలో
సముద్రం రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.
ఆరు నిమిషాలకో అంకె.
రోజుకి రెండువందల నలభై.
వాటికి కాపలా లాగిమైనా.

మొదట్లో అన్నీ ఒకే పేరున్న ఫైల్లో పడేవి.
ఇవాళ్టిది వచ్చి నిన్నటిదాన్ని తుడిచేసేది,
పలక మీద తడిగుడ్డలా.
తుఫాను రాత్రి నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో
గోడ మీది మరక చెప్పింది గానీ
కంప్యూటరు చెప్పలేకపోయింది.
తెల్లారేసరికి దానికి
ప్రశాంతమైన ఉదయం తప్ప ఇంకేమీ గుర్తులేదు.

ఆ వారమే కూర్చుంది షెల్ స్క్రిప్టు రాయడానికి.
రోజుని ముందు పెడితే
అన్ని నెలల ఒకటో తారీఖులూ
జీతాల కిటికీ దగ్గర జనంలా ఒక్కచోట మూగాయి.
నెల ముందు సున్నా మరిచిపోతే
పది వచ్చి రెండు కంటే ముందు నిలబడింది.
పేరు మధ్య ఖాళీ వదిలితే
ఒక ఫైలు రెండు ముక్కలై
ఏ ముక్కా తనకి తెలీదంది యంత్రం.
కొటేషన్ గుర్తుల మధ్య
పేరుని పొదివి పట్టుకోవాలని
రాత్రి రెండింటికి తెలిసింది,
టీ చల్లారాక.

చివరికి ఒక్క వరస మిగిలింది.
డేట్‌ని అడుగు.
ఏడాది, నెల, రోజు
(ఇంటిపేరు ముందు, సొంతపేరు తరవాత)
చిన్న గీతలతో కలిపి
పాత పేరుకి తగిలించు.
పన్నెండుకి రెండు నిమిషాల ముందు
క్రాన్ తనంతట తానే లేచి
కన్నుమూయబోయే రోజుకి
బారసాల చేసి పడుకునేది.

ఏళ్ళు గడిచాయి. ఒక్క రోజూ తప్పలేదు.

రెండువేల పదకొండు డిసెంబరులో
దీవి కదలకుండానే గీత దాటింది.
గురువారం రాత్రి నిద్రపోయినవాళ్ళు
శనివారం పొద్దున లేచారు.
పంచాంగం తిథిని మింగడం విన్నదే.
ఇక్కడ ఏకంగా ఒక వారమే క్షయమైంది.
స్క్రిప్టు ఏమీ అడగలేదు.
ఇరవైతొమ్మిది. దాని కింద ముప్పైఒకటి.

ఫిబ్రవరిలో వెల్లింగ్టన్ నుంచి ఉత్తరం:
ఒక ఫైలు లేదు. పరికరం చెడిందా?

లాగిమైనా లెక్కపెట్టింది.
ఇరవైతొమ్మిదిలో రెండువందల నలభై.
ముప్పైఒకటిలో రెండువందల నలభై.
ఒకదాని చివరి అంకెకీ
ఇంకొకదాని మొదటి అంకెకీ మధ్య
అదే ఆరు నిమిషాల నీరు.
పోయిందేమీ లేదని జవాబు రాసి
ఇంకో వాక్యం రాయబోయి ఆగిపోయింది.

గొట్టానికి పట్టిన గవ్వలు గీకే ఫాలానికో
తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు.
డిసెంబరు ముప్పైన పుట్టినవాడు.
"అయితే నాకు నలభైఅయిదు ఇంకా నిండనట్టేగా?
లేకపోతే ఎక్కడ నిండిందో చూపించు."

టచ్ అని ఒక ఆజ్ఞ ఉంది.
లేని ఫైలుని తాకితే చాలు, పుడుతుంది,
ఒంట్లో ఒక్క అక్షరం లేకుండా.
సముద్రం ఫోల్డరులో పెట్టడానికి మాత్రం
ఆమెకి చేతులు రాలేదు.
నీళ్ళు చెప్పని మాట
నీళ్ళ నోట పెట్టకూడదు.
అతని పేరుతో వేరే ఫోల్డరు తెరిచి
అందులో తాకింది.
ఫాలానికో, గీత, రెండువేల పదకొండు,
గీత, పన్నెండు, గీత, ముప్పై.
సైజు: సున్నా.

అతను తెరకి ముక్కు ఆనించి చూశాడు.
"ప్రింటు తీసివ్వు, మా ఆవిడకి చూపించాలి."

ప్రింటరు మొరాయించింది,
ఇందులో ఏమీ లేదంటూ.
లాగిమైనా ట్రేలోంచి
ఒక తెల్లకాయితం తీసి అతని చేతికిచ్చింది.

అతను రెండువైపులా తిప్పి చూసి,
గ్రీజు అంటకుండా
నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో దాచుకున్నాడు.